ఆరో కుర్చీ

ఎవరొచ్చినారే చెల్లా, ఏటి కవతల నుంచి,
పీట వెయ్యవే చెల్లా, చెంబు నీళ్ళియ్యవే,
తిన్నాడు, లేచినాడు, తిరిగి చూసినాడు...

ఆ తరువాతి చరణం నాకు గుర్తు లేదు. చిన్నప్పుడు ఆడపిల్లలం గుండ్రంగా కూర్చుని, మధ్యలో ఒక పీట ఖాళీగా వేసి, చప్పట్లు కొడుతూ ఈ పాట పాడేవాళ్ళం. పాట అయ్యేదాకా ఆ పీట మీద ఎవరూ కూర్చోకూడదు. కాలు తగిలినా ఆట చెడినట్టే. ఎందుకని అప్పుడు ఎవరినీ అడగలేదు. రాసి పెట్టుకుందామంటే నాకు అక్షరాలు రావు. మా మనవరాలు పలక మీద నా చెయ్యి పట్టి దిద్దించేనాటికి, ఆ చరణం తెలిసినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.

పాట సంగతి అలా ఉండనివ్వండి. నేను చెప్పాలనుకున్నది మౌలాలయ్య సంగతి.

మా ఆయన మాలకొండయ్య బిట్రగుంటలో ఇంజన్ మీద బొగ్గు వేసేవాడు. గాలివాన వచ్చిన ఏడు, ఒక సాయంత్రం గూడ్సు మీద డ్యూటీకి పోయినాడు. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "గడియ వెయ్యబాకు, వచ్చేస్తా" అన్నాడు. గూడ్సు అవతలి స్టేషను చేరింది. డ్రైవరు దిగినాడు. ఈయన దిగలేదు. ఎక్కడ దిగినాడో, ఎక్కడ పడినాడో చూసినవాళ్ళు లేరు. వాగులు వెతికినారు. రైలు కట్ట పొడుగునా వెతికినారు. తలకు చుట్టుకునే గుడ్డ కూడా దొరకలేదు.

అత్తగారివాళ్ళు కర్మ చేసేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. బొట్టు తియ్యలేదు. పాపను మా అమ్మ దగ్గరికి బడికి పంపించి, ఆ ఒంటిగది ఇంట్లోనే ఉండిపోయినాను. తలుపు దగ్గరికి వేసేదాన్ని, గడియ మాత్రం పెట్టేదాన్ని కాదు. ఎందుకని అడిగితే గడియ చెడిపోయిందనేదాన్ని. ఆయన అన్న మాట ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకు కూడా. చెప్పేకొద్దీ అది అరిగిపోతుందనిపించేది.

మౌలాలయ్యది దూదేకుల ఇల్లు. వయసులో పకీరుల వెంట తిరిగి ఎన్నో దర్గాలు చూసి వచ్చినాడట. తరువాత కొన్నాళ్ళు విల్లు పట్టి దూది ఏకినాడు. దూది ఏకించుకునేవాళ్ళు తగ్గిపోయినాక కర్ర సామాన్లకు పాలిష్ పట్టడం మొదలుపెట్టినాడు. అప్పట్లో మా రైల్వే కాలనీలో ఎర్ర ఇటుకల బంగళాలు ఒక్కొక్కటే ఖాళీ అవుతుండేవి. ఆ మంచాలూ బీరువాలూ పాత సామాన్లవాళ్ళు కొని, ఈయన షెడ్డులో దించి పోయేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళు ఆయన్ను పాలిష్ సాయిబు అనేవాళ్ళు. బిడ్డకు జ్వరం వచ్చినా, గేదె తప్పిపోయినా ఆయన దగ్గరికే పోయేవాళ్ళు. ఆయన తాయెత్తు కట్టడు, ఊది ఇవ్వడు. అయినా పోయేవాళ్ళు.

నేనూ పోయినాను.

"అయ్యా, మా ఆయన ఉండాడా, లేడా? అదొక్కటి చెప్పు" అన్నాను.

ఆయన నా మొహం చూడలేదు. గుప్పెడు దూదిని పాత పంచెగుడ్డలో చుట్టి ఉండ చేసినాడు. లక్క కరిగించిన స్పిరిట్లో ముంచి, పిండి, నా చేతిలో పెట్టినాడు. ఎదురుగా ఒక భోషాణం మూత ఉంది.

"రుద్దు."

"నేనడిగింది అది కాదయ్యా."

"చెయ్యి ఆపబాకు అమ్మణ్ణీ. ఆగితే ఆగినచోట కాలతాది. చెయ్యి నడుస్తా రావాల, నడుస్తా పోవాల."

చెప్పినట్టే రుద్దినాను. సాయంత్రానికి ఆ మూతలో నా మొహం మసకమసకగా కనబడింది. మరునాడు ఆయన రమ్మనలేదు, నేనే పోయినాను. అలా ఆ పనిలో పడిపోయినాను. పండక్కి పండక్కి మళ్ళీ అదే మాట అడిగేదాన్ని. ఆయన ఇంకో చెక్క చూపించేవాడు.

ఒక ఎండాకాలం టేకు భోజనాల బల్ల ఒకటి వచ్చింది, ఐదు కుర్చీలతో. డికోస్టా దొరసానిది. దొర పోయినాక ఆమె అమ్మగలిగినవన్నీ అమ్మేసి, ఆస్ట్రేలియాలో ఉండే చెల్లెలి దగ్గరికి పోయిందట. బల్లకు ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి చేతుల కుర్చీలు ఉండాలి. పక్కల నాలుగు మామూలువి. దొర కూర్చునే చేతుల కుర్చీని మాత్రం దొరసాని అమ్మలేదు. ఓడలో వెంట పెట్టుకుపోయిందని చెప్పుకున్నారు.

ఆ బల్లను కావలి ప్లీడరుగారి భార్య రాజ్యలక్ష్మమ్మ కొనుక్కుంది. రిక్షా దిగి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని షెడ్డంతా చూసింది.

"సాయిబూ, నాకు ఆరూ కావాల. ఆరోది కొత్తగా చేయించు. కానీ ఏది పాతదో ఏది కొత్తదో ఇంటికొచ్చినోళ్ళకు తెలియకూడదు. మా తోడికోడలు ఒకతి ఉండాది, కుర్చీ తిరగేసి చూసే రకం."

"మూడు వారాలు పోనిచ్చి, శుక్రవారానికి ఆరూ ఇస్తానమ్మా" అన్నాడు మౌలాలయ్య.

ముందు బల్ల పని పట్టుకున్నాము. దాని మీది పాత పాలిష్ నల్లగా, జిడ్డుగా ఉండేది. వేడి గిన్నెలు పెట్టిన తెల్లటి గుండ్రాలు, చాకు గీతలు, కొవ్వొత్తి కారిన మరకలు. పగిలిన గాజుపెంకు తీసుకుని, అంచును చెక్క మీద వాల్చి, నారవెంట గీకాలి. పాలిష్ సన్నసన్నటి పొట్టుగా రాలుతుంది.

నేను గీకేకొద్దీ వాసన వచ్చింది. లక్క వాసన కాదు. లవంగం, వెనిగారు, ఉడికిన మాంసం. షెడ్డులో పొయ్యి లేదు. చుట్టుపక్కల ఇళ్ళూ లేవు. గీకడం ఆపితే వాసన పోయేది, మళ్ళీ మొదలుపెడితే వచ్చేది. ఒక చోట ఏదో పూల అత్తరు. ఆ పక్కనే చంటిబిడ్డ కక్కిన పాల వాసన.

తొందరతొందరగా గీకేసి అవతల పడాలని చెయ్యి విసురుగా ఆడించినాను.

మౌలాలయ్య వచ్చి నా చేతిలోని పెంకు తీసుకున్నాడు. "ఏళ్ళ తరబడి తిన్నోళ్ళు. ఇప్పుడు లేస్తుండారు. తొందర పెట్టబాకు" అన్నాడు. పెంకు మళ్ళీ నా చేతికే ఇచ్చినాడు.

నెమ్మదిగా గీకినాను. సాయంత్రానికి చెక్క తెల్లబడింది. ఏ వాసనా లేదు.

ఆరో కుర్చీని సిద్ధాచారి చేసినాడు. మంచి పనివాడు, నోరు మాత్రం ఊరుకోదు. కుర్చీ తెచ్చి షెడ్డు మధ్యలో పెట్టి, మీసం దువ్వుకున్నాడు.

"పెంచలమ్మా, చూడు. కొలతలో వెంట్రుకంత తేడా లేదు. కానీ నిన్న పుట్టిన బిడ్డ ఇది. దీన్ని ముసలిదాన్ని చెయ్యడం నీవల్ల కాదు, మీ సాయిబు వల్ల కూడా కాదు."

"చేస్తే?"

"చేస్తే నా మీసం నీ పాలిష్ ఉండలో దూదిగా పెట్టుకో."

"ఆ మీసంతో రుద్దితే బల్ల గీతలు పడతాదిలే" అన్నాను.

మౌలాలయ్య కొత్త కుర్చీ చుట్టూ ఒకసారి నడిచినాడు. "రంగు కలిపితే చాలు. మిగతాది ఆ ఇంట్లో కూర్చునేవాళ్ళు చూసుకుంటారు" అన్నాడు.

నేను వినలేదు. సిద్ధాచారి అన్న మాట నాకు పట్టుకుంది. తోడుగా ఉండే పాత చేతుల కుర్చీ, అదే దొరసాని కూర్చున్నది, దాన్ని ఎదురుగా పెట్టుకున్నాను. దాన్ని చూసి దీన్ని అరగదియ్యడం మొదలుపెట్టినాను.

గాజుపెంకుతో అంచుల పదును చంపినాను. గోనెగుడ్డలో ఇసుక మూటకట్టి, కాళ్ళ మధ్య ఉండే అడ్డకర్రను రుద్దినాను. పట్టాల పక్కన దొరికిన ఇనప నట్టు తీసుకుని, కుర్చీకి చెయ్యి ఆనించుకునే చేతికర్ర మీద సన్నగా కొట్టినాను. బొగ్గుమసి నూనెలో కలిపి సందుల్లో దిద్దినాను. ఆ వారం నాకు తిండి ధ్యాస లేదు. చేతులు వాటంతటవే పోయేవి. ఇక్కడ ఇంత అరగాలి, ఇక్కడ ఇంత నొక్కుకుపోవాలి అని ఎవరో పక్కన నిలబడి చెప్పినట్టు ఉండేది. ఎదురుగా ఉన్న దొరసాని కుర్చీని చూడడం ఎప్పుడు మానేసినానో నాకే తెలియదు.

కుర్చీ ఆరబెడితే అప్పుడప్పుడూ పలికేది. టక్. కాసేపు ఆగి, టక్ టక్.

"కొత్త కర్ర గదా, ఎండకు పలుకుతాది" అన్నాను నేను, ఎవరూ అడగకుండానే.

మౌలాలయ్య తలెత్తి చూసినాడు.

సిద్ధాచారి వచ్చినాడు. రెండు చేతుల కుర్చీలను పక్కపక్కన పెట్టినాను. వంగి చూసినాడు, కూర్చుని చూసినాడు, కింద చెయ్యి పెట్టి తడిమినాడు. చివరికి దొరసాని కుర్చీ మీద చెయ్యి వేసినాడు.

"నాది ఇదే. ఎంత పాలిష్ పట్టినా నా పని నాకు తెలియదా?"

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"నవ్వకమ్మా, రుజువు చూపిస్తా. ఆ రెండోది చూడు. అది దొర కుర్చీ. దొరసాని తీసకపోయిందన్నారే, వట్టిమాట. అదిగో, అడ్డకర్ర ఎడమ పక్కనే అరిగింది. ఎడమ కాలు పైకి పెట్టుకుని కూర్చునే మనిషి. వీపు కుడివైపుకే ఆనించినాడు, ఆ బుజం నొప్పేమో పాపం, బరువు పని చేసినోడి మాదిరి. కుడి చేతికి ఇనప ఉంగరం. ఇవి చూడు, నొక్కులు, అన్నీ ఒకే చోట. ఎవరికోసమో ఎదురుచూస్తా ఊరికే కొడుతుండేవాడు. టక్ టక్ అని."

నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు జారిపోయింది.

మా ఆయన టీ బంకు బల్ల మీద కూర్చున్నా, మా ఇంటి గడప మీద కూర్చున్నా, ఎడమ కాలు పైకి పెట్టుకునేవాడు. పార విసిరి విసిరి కుడి బుజం వాలిపోయి ఉండేది. కుడి చేతికి శని దోషానికని ఇనప ఉంగరం ఉండేది. నేను కూర వండేదాకా దాంతో గడప మీద కొడుతుండేవాడు.

మౌలాలయ్య సిద్ధాచారికి నిజం చెప్పినాడు. మీసం తడుముకుని, ఆ కుర్చీని ఇంకోసారి చూసినాడు. ఈసారి ముట్టుకోలేదు. "సరే, వస్తా" అని పనిముట్ల సంచి తీసుకుని వెళ్ళిపోయినాడు.

షెడ్డులో మౌలాలయ్యా నేనూ మిగిలినాము.

"ఎవరిని కూర్చోబెట్టినావు అమ్మణ్ణీ?" అని అడిగినాడు.

నేను చీపురు తీసుకుని నేల మీది పొట్టు ఊడవడం మొదలుపెట్టినాను.

ఆయన దూది ఉండ ముంచి, పిండి, నా చేతికిచ్చినాడు. "ఆఖరి చెయ్యి నువ్వే వెయ్యి. కళ్ళు మూసుకుని వెయ్యి."

కళ్ళు మూసుకున్నాను. కుర్చీ వీపు మీద చెయ్యి నడిచింది. చేతికర్ర పైకి వచ్చింది, కొస దాకా పోయింది. అక్కడ నొక్కులు వేళ్ళకు తగిలినాయి. ఒకటి, దాని పక్కన ఇంకొకటి. ఆ చేతికర్ర చెక్కలా లేదు. వెచ్చగా ఉంది. ఎండకే అయి ఉంటుంది.

నా చెయ్యి ఆగింది.

కళ్ళు తెరిచేసరికి దూది ఉండ అక్కడ అంటుకుపోయింది. లాగితే పాలిష్ లేచి వచ్చి, అరచేయంత మచ్చ పడింది.

ఇన్నేళ్ళలో నేను ఒక్క చెక్కనూ కాల్చలేదు. ఆయన కోప్పడతాడనుకున్నాను.

"దీన్ని పంపొద్దయ్యా" అన్నాను. "ఇంకోటి చేయిస్తాము. ఇది నాకియ్యి."

ప్లీడరమ్మకు శుక్రవారానికని మాటిచ్చినాడు. ఇంకోటి చెయ్యడానికి వ్యవధి లేదు, ఆ చెక్కా దొరకదు. ఆరూ లేకపోతే ఆమె ఒక్కటీ తీసుకోదు. మాట తప్పడం ఆయన జన్మలో లేదని ఊరంతటికీ తెలుసు. అవన్నీ నాకూ తెలుసు.

ఆయన తలపాగా సర్దుకున్నాడు. కుర్చీని తిరగేసి నెత్తిన పెట్టుకున్నాడు. ఆ ఎండలో పట్టాలు దాటి, నీళ్ళ ట్యాంకు పక్కగా నడిచి, మా ఇంటికి తెచ్చినాడు. గడియ పెట్టని తలుపు కాలితో తోసి, తలుపుకెదురుగా దించినాడు.

"ఇంకా ఆరలేదు. ఆరనీ" అన్నాడు. వెళ్ళిపోయినాడు.

మొదట్లో నాకు ఎంత సంతోషమో. ఇంట్లో మనిషి తిరిగినట్టు ఉంది. పొద్దున్నే దాన్ని తుడిచేదాన్ని. పక్కన చెంబుతో నీళ్ళు పెట్టేదాన్ని. అన్నం ముందు అక్కడ పెట్టి, కాసేపు ఆగి, తరువాత నేను తినేదాన్ని. రైలు పోయినప్పుడల్లా అది పలికేది. నేను "ఆ, వస్తుండా" అనేదాన్ని.

ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతూ చీమల బారు చూసినాను. గడప నుంచి బియ్యం చేట దాకా నేల మీద తిన్నగా వస్తున్నాయి. కుర్చీ కిందికి వచ్చేసరికి, ముందుకాళ్ళ మధ్య ఏమీ లేని చోట, ఒక పక్కకు తిరిగి, పాదమంత మేర చుట్టి, మళ్ళీ తిన్నగా పోతున్నాయి. అక్కడ నీళ్ళు లేవు. నూనె లేదు. వేలు పెట్టి చూసినాను, పొడి నేల. ఒక్క చీమా ఆ చోటు తొక్కలేదు. మనిషి కాలు పెట్టుకున్న చోటును తప్పుకుని పోయినట్టు పోయినాయి.

కుడికాలు ఆనే చోటు అది. ఎడమది ఎప్పుడూ పైన ఉంటుంది గదా.

ఆ రోజు నుంచి నేను కుర్చీకి ఎదురుగా నడవలేకపోయినాను. గోడవారగా పోయేదాన్ని. గిన్నె దించితే చప్పుడు కాకుండా దించేదాన్ని. నీళ్ళకని పోయి తిరిగి వచ్చి, మా ఇంటి తలుపు ముందు నిలబడి లోపలికి పోవాలా వద్దా అని చూసేదాన్ని. ఉండాడా లేడా అని ఎన్నేళ్ళో అడిగినాను. ఇప్పుడు అడగాలంటే నోరు రావడం లేదు. ఉన్నాడంటే నేను ఎక్కడ ఉండాలి? లేడంటే ఆ చీమలు?

గురువారం మధ్యాహ్నం మౌలాలయ్య వచ్చినాడు. చేతిలో కర్ర, బుజాన మూట. ఏటా పోయినట్టే దర్గా ఉరుసుకు నడిచి పోతున్నాడు.

"అన్నం పెట్టు అమ్మణ్ణీ. దోవలో ఏం దొరకతాదో ఏమో."

చింతాకు పప్పు చేసి ఉన్నాను. పళ్ళెంలో వడ్డించి, చాప పరిచినాను.

"కింద కూర్చోలేను. మోకాళ్ళు వంగడం లేదు" అన్నాడు.

నేను చుట్టూ చూసినాను. ట్రంకుపెట్టె మీద పరుపులు ఉన్నాయి. బయట అరుగు మీద ఎండ నిప్పులు చెరుగుతోంది.

ఆయన పళ్ళెం చేతిలోకి తీసుకున్నాడు. కుర్చీ వైపు చూసినాడు.

"అది ఖాళీయేనా?"

నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడినాను. అవును అనలేకపోయినాను. కాదు అనడానికి భయం వేసింది.

ఆయన మళ్ళీ అడగలేదు. నిలబడే ఉన్నాడు. అన్నం ముట్టలేదు. పళ్ళెంలో నుంచి ఆవిరి లేచి లేచి తగ్గిపోయింది. మద్రాసు వైపు గూడ్సు ఒకటి పోయింది. ఇల్లు అదిరింది. కుర్చీ పలికింది. టక్ టక్.

ముసలాయన చెయ్యి వణకడం మొదలయింది. పళ్ళెం అంచున పప్పు కదిలి, బొటనవేలి మీద పడింది. నుదుటి మీద చెమట. మోకాళ్ళు చిన్నగా ఊగుతున్నాయి. అయినా నిలబడే ఉన్నాడు, నా ఇంట్లో, నేను చెప్పేదాకా.

నాకు ఏమయిందో నేను చెప్పలేను. గరిటె కింద పెట్టినాను. కుర్చీకి ఎదురుగా పోయి నిలబడినాను. ఇంటికి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు మా ఆయనతో ఎప్పుడూ ఎలా అనేదాన్నో, అలాగే, మెల్లగా, చాటుగా అన్నాను.

"పెద్దాయన వచ్చినాడు. లెయ్యి."

ఇంట్లో గాలి లేదు.

మౌలాలయ్య ఒక అడుగు పక్కకు జరిగినాడు. గుమ్మానికీ కుర్చీకీ మధ్య నిలబడి ఉన్న మనిషి, ఎవరికో దోవ ఇచ్చినట్టు, పళ్ళెం గుండెకు దగ్గరగా పట్టుకుని గోడకు ఒదిగినాడు. తల కొంచెం వంచినాడు. దగ్గరికి వేసి ఉన్న తలుపు మెల్లగా తెరుచుకుని, మళ్ళీ మెల్లగా దగ్గరికి వచ్చింది.

ఆయన ఇంకాసేపు ఆగినాడు.

నేను కొంగు తీసుకుని కుర్చీ తుడిచినాను. వీపు, కూర్చునే పలక, చేతికర్ర, ఆ మచ్చ, ఆ నొక్కులు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. నడుస్తా వచ్చింది, నడుస్తా పోయింది.

"కూర్చో అయ్యా" అన్నాను.

కూర్చున్నాడు. చల్లారిన అన్నం తృప్తిగా తిన్నాడు. పప్పు ఇంకోసారి వేయించుకున్నాడు. "ఉప్పు తగ్గింది. ఈ నాలుగు రోజులు నీకు రుచి తెలిసినట్టు లేదు" అన్నాడు. నవ్వు వచ్చింది నాకు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చినాను. ఆయన మజ్జిగ అడిగినాడు.

తరువాత జరిగింది ఇక్కడే చెప్పేస్తాను. మరునాడు పొద్దున్నే ఆ మచ్చను గీకి, కళ్ళు తెరుచుకునే పాలిష్ పట్టి, కుర్చీని నేనే నెత్తిన పెట్టుకుని షెడ్డుకు తీసుకుపోయినాను. ప్లీడరమ్మ బండిలో ఆరూ ఎక్కినాయి. తోడికోడలు తిరగేసి చూసినా కనిపెట్టలేదని ఆ తరువాత కబురు చేసింది. అది ఇప్పుడూ ఆ ఇంట్లోనే ఉందట. ప్లీడరుగారి మనవలు దాని మీద ఎక్కి దూకుతారట. ఉరుసుకు పోయిన మౌలాలయ్య తిరిగి రాలేదు. ఉరుసు గంధం నాడే కన్నుమూసినాడని, దర్గా గోడ పక్కనే మట్టి చేసినారని, ఆయనతో పోయినవాళ్ళు వచ్చి చెప్పినారు. షెడ్డు తాళంచెవి, దూది ఏకిన విల్లు నాకిమ్మన్నాడట.

కాబట్టి ఆయన్ను నేను చూసింది ఆ మధ్యాహ్నమే ఆఖరు.

చెయ్యి కడుక్కున్నాడు. మూట బుజానికి వేసుకున్నాడు, కర్ర తీసుకున్నాడు. గుమ్మం దాటినాడు. నేను వెనకే పోయి, ఎప్పటిలాగే తలుపు దగ్గరికి వేద్దామని రెక్క మీద చెయ్యి పెట్టినాను.

నాలుగడుగులు పోయినాడు. ఆగి, తిరిగి చూసినాడు. నన్ను కాదు, తలుపును. ఆ మాట నేను ఆయనకు ఎన్నడూ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

"ఇంక గడియ వేసుకో, అమ్మణ్ణీ."